కల్లు లొట్టిలో ఆర్కిడ్

పెళ్లి జరిగిన మర్నాటి పొద్దున ఫంక్షన్ హాలు జాతర ఎత్తిపోయిన మైదానంలా ఉంటుంది. కుర్చీలు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. తివాచీ మీద అక్షింతలు, తొక్కిన బంతిరేకులు, ఏ చంటిపిల్లదో ఒక్క కాలి పట్టీ. ఎల్లేశ్ నిద్ర లేవగానే వీటి వైపు చూడడు. కుంటుకుంటూ నేరుగా వెనక గోడ దగ్గరికి పోతాడు. డెకరేషన్ వాళ్లు వేదిక విప్పి, పనికొచ్చేవి వ్యానులో వేసుకుని, మిగిలింది ఆ గోడవారన పారబోసి పోతారు. ప్లాస్టిక్ ప్లేట్లు, అరటి బోదెలు, థర్మాకోల్ మీద చెక్కిన పెళ్లికొడుకు పేరులో సగం. వాటి కింద ఎక్కడో ఒక కుండీ ఉంటుంది. మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చేలోపు దాన్ని బయటికి లాగాలి.

మానుకోటలో, అంటే కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊళ్లో, రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఆ హాలుకు ఎల్లేశ్ వాచ్‌మన్. వంటశాల వెనక, నీళ్ల ట్యాంకు నీడలో అతనికొక రేకుల గది. ఆ గది ముందు ఇప్పుడు నడవడానికి సందు లేదు. ఆకు చివర్లు మాడిన క్రోటన్లు, మెడ విరిగిన మనీప్లాంటు, ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ మెట్ల మీద వదిలేసిన స్నేక్ ప్లాంటు. ఈ మధ్య పెళ్లిళ్లలో వచ్చినవాళ్లకు పోయేటప్పుడు చేతిలో చిన్న మొక్క పెట్టడం ఫ్యాషన్ అయింది. తీసుకునేటప్పుడు అందరూ నవ్వుతూనే తీసుకుంటారు. సగం మంది దాన్ని కుర్చీ కింద మరిచిపోయి ఇంటికి పోతారు. అవన్నీ ఎల్లేశ్ ఇంటికి చేరిన చుట్టాలే.

హాలులో బోళ్లు తోమే చాందీది నర్సింహులపేట దిక్కు ఒక తండా. తనవాళ్లతో ఫోన్‌లో లంబాడీలో గలగలా మాట్లాడుతుంది, ఎల్లేశ్‌ను తెలుగులో ఆటపట్టిస్తుంది. ఒకరోజు చెత్తలోంచి నడుమంత ఎత్తున్న అలంకరణ తాటిమొక్కను ఎల్లేశ్ ఈడ్చుకొస్తుంటే, గిన్నె చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

"అన్నా, ఇగో దొరికింది నీకు తాడు! ఎక్కుతవా, నిచ్చెన తేవాల్నా?"

"ఎక్కుత గని, పడితే నువ్వే ఎత్తాలె."

"నేను నిన్ను ఎత్తుకుంట కూసుంటె నా బోళ్లెవరు తోముతరన్నా?"

ఎల్లేశ్ నవ్వాడు. ఆ రోజుకు అతను మనిషితో మాట్లాడిన మాటలు దాదాపు అంతే. చాందీ పని ముగించుకుని ఆటో ఎక్కాక, మళ్లీ ఫంక్షన్ వచ్చేదాకా ఆ పెద్ద హాలులో అతనొక్కడే. తలుపులు వేస్తే చప్పుడు నాలుగు గోడలకూ తగిలి తిరిగొస్తుంది.

తాడు ఎక్కడం గురించి చాందీ ఊరికే అనలేదు. ఎల్లేశ్ గీత కార్మికుడు. మీసాలు రాకముందే చెట్టెక్కే మోకు భుజాన వేసుకున్నవాడు. పొద్దున, సాయంత్రం తాళ్లెక్కి కల్లు దించేవాడు. పైన ఉన్నంతసేపూ ఒక్కడే అయినా అతనికది ఒంటరితనంగా ఎప్పుడూ తోచలేదు. చెట్టు మీంచి నాలుగూళ్లు కనిపించేవి. ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో, ఎవరింటికి చుట్టాలు వస్తున్నారో అందరికంటే ముందు అతనికే తెలిసేది. కింద మండువలో కల్లు కోసం కూర్చున్నవాళ్లు "ఎల్లన్నా, ఇంకెంతసేపు?" అని అరుస్తుంటే పైనుంచే జవాబు చెప్పేవాడు.

ఒక వానాకాలం తడిసిన తాటిచెట్టు మీద మోకు జారింది. ఓరుగల్లు దవాఖానాలో కాలు నిలబెట్టారు గానీ అది పొట్టిదై మిగిలింది. ఇక చెట్టెక్కే మాట లేదు.

భార్య వసంత అతన్ని మంచంలోంచి లేపి, నడిపించి, అన్నీ చేసింది. పిల్లలు లేరు, ఇద్దరే. ఆ రోజుల్లోనే అతనికొక గుణం పట్టుకుంది. నాలుగూళ్లు చూసిన కళ్లకు ఇప్పుడు వాకిలి ఒక్కటే కనిపించేది. వసంత ఆ వాకిలి దాటిందంటే చాలు, "ఎటు?" అనేవాడు. నీళ్లకు పోతే ఎటు. కిరాణా దుకాణానికి పోతే ఎటు, ఇంతసేపెందుకు, ఎవరు కలిసిండ్రు. ఇంట్లో గింజలు నిండుకుంటే, పత్తి మిల్లులో పనికి పోతానంది. వద్దన్నాడు. "నా కండ్ల ముందట ఉండు, సాలు" అన్నాడు. అది ప్రేమే అనుకున్నాడు.

ఆ ఏడు బతుకమ్మకు వసంత కేసముద్రంలో తన అన్న ఇంటికి పోయింది. పండుగ అయిపోయింది. ఆమె రాలేదు. కొట్లాట లేదు, పెద్దమనుషుల పంచాయితీ లేదు. అక్కడే పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరిందని ఎవరో చెప్పారు. దీపావళి పోయింది, శివరాత్రి పోయింది. అతను పిలవలేదు. ఆమే వస్తుందనుకున్నాడు, లేదా పిలిస్తే రానంటుందేమోనని భయపడ్డాడు. రెండూ కలిసి మూడేళ్లు గడిపేశాయి.

ఊరు విడిచి పని వెతుక్కున్నప్పుడు జనగామలో ఇంతకంటే పెద్ద హాలుకు పిలిచారు. పోలేదు. మానుకోట నుంచి కేసముద్రం ఎంతో దూరం లేదు. రైల్లో సీటు దొరికి కాళ్లు చాపుకునేలోపు దిగాల్సి వస్తుంది. ఆ దిక్కు నుంచి వచ్చే బండ్లన్నీ ఈ హాలు వెనక నుంచే పోతాయి. బండి చప్పుడైనప్పుడల్లా ఎల్లేశ్ చేతిలో పని ఆపి గేటు వైపు చూసేవాడు. బండి దిగిన మనిషి స్టేషన్ నుంచి నడిచొచ్చేంతసేపు చూసి, మళ్లీ పనిలో పడేవాడు.

మొక్కల పిచ్చి అనుకోకుండా పట్టింది. ఒక రిసెప్షన్ మర్నాడు చెత్తలో ఒక కుండీ కనిపించింది. అడుగున నాలుగు దళసరి ఆకులు, పైన ఎండిన ఒక కాడ. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పారేయడానికి అతనికి మనసొప్పలేదు. వ్యవసాయం చూసిన చేతులు కదా, రేగడి మట్టి తెచ్చాడు, మేకల ఎరువు కలిపాడు, మిరపనారు పెట్టినంత శ్రద్ధగా వేళ్లన్నీ లోపలికి దిగేసి పాతాడు. పొద్దునా సాయంత్రం నీళ్లు. పక్షం తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. ఒకటి పట్టుకుని చూడబోతే చేతిలోకి ఊడి వచ్చింది. లోపల వేళ్లు కుళ్లి కల్లుమడ్డిలా ఉన్నాయి.

డెకరేషన్ చేసే సాగర్ తర్వాతి పెళ్లికి స్టేజీ కట్టడానికి వచ్చినప్పుడు ఆ కుండీ చూసి నోరు తెరిచాడు.

"ఎల్లన్నా, గిదాన్ని మట్టిల పెట్టినవా?"

"చెట్టును మట్టిల పెట్టక నెత్తిన పెట్టుకుంటరా?"

"గిది ఆర్కిడ్ అన్నా. గిది భూమ్మీద బతకది. అడివిల పెద్ద పెద్ద చెట్ల కొమ్మలకు పట్టుకొని బతుకుతది. వేర్లకు గాలి కావాలంట. నాకు గూడ తెల్వదు, ఎవలో అడిగితె ఫోన్ల చూసిన."

ఎల్లేశ్ కుళ్లిన వేళ్లను వేలితో కదిపి చూశాడు. అతనికి కాటారం గుర్తొచ్చింది.

పెళ్లైన కొత్తలో వసంతను తీసుకుని చుట్టాలింట్లో పెళ్లికి కాటారం దిక్కు పోయాడు. భూపాలపల్లిలో బస్సు మారారు. అడవి అంచున బస్సు టైరు పంక్చరై ఆగింది. పక్కనే ఒక ఇప్పచెట్టు. దాని కొమ్మకు, మరే మట్టీ లేకుండా, ఏదో మొక్క అతుక్కుని పూసి ఉంది. గోధుమరంగు రేకులు, నడుమ ఊదారంగు నాలుక. వసంత తలెత్తి, "ఏందది, చెట్టు మీద చెట్టు?" అంది. బస్సంతా చూస్తుండగా ఎల్లేశ్ ఎక్కి, ఆ పూలకాడ తెంపుకొచ్చి ఇచ్చాడు. డ్రైవర్ ఈల వేశాడు. వసంత సిగ్గుతో చచ్చిపోతూనే జడలో పెట్టుకుంది. పెళ్లింట్లో ఆడవాళ్లంతా అదేం పువ్వని అడిగితే, "మా ఆయన తెంపిండు" అని మాత్రమే చెప్పిందట.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంకో ఆర్కిడ్ దొరికింది. ఎవరో కొత్త దుకాణం తెరిచినరోజు బహుమానంగా వచ్చింది కాబోలు, పూలు రాలగానే రంగుకాగితంతో సహా మోరీ పక్కన పడేశారు. ఒక ఆకు సగం చీలి ఉంది. ఈసారి ఎల్లేశ్ మట్టి జోలికి పోలేదు. ఊరికి పోయి, అటక మీద బోర్లించిన పాత కల్లు లొట్టి ఒకటి తెచ్చాడు. మూతి పగిలిందని పక్కన పెట్టిన మట్టికుండ అది. చుట్టూ మేకుతో మెల్లగా తొలిచి బొక్కలు పెట్టాడు. లోపల వంటశాల పొయ్యి బొగ్గులు, చెట్టు బెరడు పెచ్చులు, తాటి పీచు నింపి మొక్కను కూర్చోబెట్టాడు. వేళ్లలో కొన్ని బొక్కల్లోంచి బయటికి చూస్తూ ఉండిపోయాయి.

అది బతుకుతుందని అతనికి నమ్మకమేమీ లేదు. రోజూ చూడటం మాత్రం మానలేదు. చాలా రోజులకు చీలిన ఆకు పక్కన, పిట్ట ముక్కులా ఒక లేత ఆకు పొడుచుకొచ్చింది.

ఆ వారమే వసంత ఫోన్ చేసింది. అప్పుడప్పుడు చేసేది. మాటలు ఎప్పుడూ అవే. తిన్నవా, తిన్న, కాలు ఎట్లుంది, ఉన్నది. ఆ తర్వాత ఇద్దరూ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఎదుటి మనిషి ఊపిరి వినేవాళ్లు. ఆరోజు ఎల్లేశే ఆ మౌనంలోకి ఒక మాట వేశాడు.

"చెట్టుకు నీళ్లు పడుతున్న."

"ఏం చెట్టు?"

"గదే, చెట్టు మీద చెట్టు. కాటారం తొవ్వల తెంపిచ్చిన సూడు, గా జాతిదేనంట. పారేసిండ్రు, తెచ్చిన. కొత్తాకు వేసింది."

అవతల కాసేపు మిల్లు మిషన్ల మోత మాత్రం వినిపించింది. తర్వాత వసంత నవ్వింది. మూడేళ్లలో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

"మోరీల పడేసిన చెట్టు పూస్తదా ఎన్నడన్న? పూస్తే చెప్పు, వచ్చి చూస్త."

ఆమె హాస్యానికే అని ఉండొచ్చు. ఎల్లేశ్ మాత్రం ఆ మాటను పట్టుకుని ఇంకోటి ఆలోచించడం మానేశాడు. అది పూయాలి. పూస్తే వసంత వస్తుంది. వస్తే ఇన్నేళ్లూ అడగలేనిది అడగొచ్చు. అడగడానికి ఒక సందు కావాలి, ఆ సందు ఆ లొట్టిలో ఉంది.

ఎండాకాలం మానుకోటలో రేకుల కింద మనిషే ఉండలేడు. ఎల్లేశ్ లొట్టిని వంటశాల గోడకు, నీళ్ల ట్యాంకుకు మధ్య వేలాడదీసి, చుట్టూ తడిపిన గోనెసంచులు కట్టాడు. మధ్యాహ్నం తను గదిలో చెమటలు కారుస్తూ పడుకునేవాడు గానీ సంచులు ఆరనివ్వలేదు. వానలు పడ్డాయి, పెళ్లిళ్లు ఆగాయి. ఆషాఢం, భాద్రపదం, హాలులో మనిషి అలికిడి లేని రోజులు. చాందీ కూడా మిరప తోటల్లో కూలికి పోయేది. లొట్టితో మాట్లాడుతున్నానని ఒకరోజు తనకే తెలిసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. వినడానికి ఎవరూ లేరు. అది ఇంకా సిగ్గనిపించింది.

చలి మొదలయ్యాక, ఆకుల సందులోంచి ఒక పచ్చని మొన బయటికొచ్చింది. మొదట వేరనుకున్నాడు. వేరు కిందికి పోతుంది, ఇది పైకి లేస్తోంది. సాగర్ చూసి, "కాడ అన్నా! ఇగ పూసుడే!" అన్నాడు. జానెడు, మూరెడు పెరిగాక దాని కొసన చిన్న చిన్న మొగ్గలు, సెనగ గింజలంత, వరసగా పడ్డాయి.

ఎల్లేశ్ వెంటనే ఫోన్ చేశాడు. తను చేయడం అదే మొదలు.

"మొగ్గలు పడ్డయ్."

"నిజమా?" వసంత గొంతులో నమ్మకం లేదు. "మొగ్గ చూడనీకి ఎవలొస్తరు? పూయనీ."

ఆ సాయంత్రం వంటశాల గోడ మీదికి కోతుల గుంపు దిగింది. మానుకోటలో కోతులు ముట్టని వస్తువు లేదు. ఒక గున్న కోతి లొట్టి వేలాడే తాడు పట్టుకుని ఊగింది. ఎల్లేశ్ కర్ర పట్టుకుని వచ్చేసరికి కాడ గాలిలో అటూ ఇటూ అల్లాడుతోంది.

వెదురు పుల్ల తెచ్చాడు. కాడను దానికి ఆనించి, తాటి పీచుతో కట్టడం మొదలుపెట్టాడు. కట్టడం అతనికి నేర్పాల్సిన పని కాదు. తాటిచెట్టు గొల వేయగానే, ఆ పూత విచ్చుకోకముందే, గీత కార్మికుడు దాన్ని పీచుతో బిగించి చుడతాడు. చుట్టు మీద చుట్టు, మొదలు నుంచి కొస దాకా. అలా కట్టి, కొసను రోజూ పలచగా గీస్తేనే కల్లు దిగుతుంది. వదులుగా కడితే గొల విచ్చి పోతుంది, లొట్టి ఖాళీగా ఉంటుంది. చెట్లెక్కినన్నాళ్లూ ఎల్లేశ్ కట్టిన ఒక్క గొలా విచ్చుకోలేదు. మండువలో అందరూ అతని కట్టును మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడూ చేతులు అలాగే నడిచాయి. పని ముగించి, లాగి చూసి, కదలడం లేదని తృప్తిపడి పడుకున్నాడు.

రోజులు గడిచాయి. మొగ్గలు లావెక్కలేదు. తొందరేముంది, లోపల బలం పట్టుకుంటోంది అనుకున్నాడు.

ఒక శనివారం వసంతే ఫోన్ చేసింది. మిల్లులో మిషన్ చెడింది, ఆదివారం పని లేదు, పొద్దున బండికి వస్తానంది. "పూసినా, పూయకున్నా చూస్త తియ్యి."

ఎల్లేశ్ గది కడిగాడు. కుండీలన్నీ తుడిచాడు. ఆదివారం తెల్లవారి గడ్డం గీసుకుని లొట్టి దగ్గరికి పోయాడు. మొగ్గలు ఎండు నిమ్మతొక్కలా పసుపెక్కి, రెండు బొగ్గుల మీద రాలి ఉన్నాయి. వేలితో తాకితే మూడోది రాలింది. లొట్టిని తీసి, అలంకరణ తాటిమొక్క వెనక నేల మీద పెట్టాడు.

వసంత గేట్లోంచి వస్తుంటే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాడు. కాస్త లావైంది. జుట్టులో, చెవుల వెనక, ఎంత కడిగినా పోని పత్తి నూగు. చేతిలో స్టీలు డబ్బా.

"సర్వపిండి తెచ్చిన. చల్లగైంది." చుట్టూ చూసి ఆగిపోయింది. "ఓ యమ్మ! గిన్ని చెట్లా? ఇల్లా, నర్సరీనా?"

"పారేసినయ్ తెచ్చిన."

"ఊళ్లె చెత్తంత నీకే కావాలెనా?" అంటూనే వంగి ఒక్కొక్కదాన్ని చూసింది. ఆకులు తిరగేసింది. అతను స్టవ్ మీద టీ పెట్టాడు. ఇద్దరూ గడప మీద కూర్చుని సర్వపిండి తిన్నారు. కారం సరిగ్గా అతనికి కావలసినంత ఉంది. ఆ సంగతి చెబుదామనుకుని చెప్పలేదు.

"ఏది మల్ల, గా చెట్టు?"

"ఉన్నది."

"ఏది?"

అతను తల తిప్పుకున్నాడు. వసంత లేచి, తాటిమొక్క ఆకులు పక్కకు జరిపి, లొట్టి చూసింది. ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. మొదలు నుంచి కొస దాకా పీచుతో బిగించిన కాడను చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"గొల కట్టినట్టు కట్టినవు గదయ్యా."

"కోతులొచ్చినయ్. విరగ్గొడతయనీ..."

"ఊపిరాడనియ్యవా దానికి?"

ముడి ఎక్కడుందో ఆమెకు తెలుసు. అతని కట్టు ఎన్నోసార్లు చూసిందే. గోళ్లతో కొస పట్టుకుని విప్పసాగింది. చుట్టు మీద చుట్టు, పీచు ఆమె ఒడి నిండా పరచుకుంది. పూర్తిగా విప్పేసరికి పొయ్యి మీద రెండోసారి పెట్టిన టీ కూడా చల్లారింది. కాడ కొస నల్లబడి ఉంది. కింది కణుపులు మాత్రం పచ్చగా ఉన్నాయి. వసంత పీచునంతా ఉండ చుట్టి అతని చేతిలో పెట్టింది. అతనది గోడ మేకుకు తగిలించాడు.

సాయంత్రం ఆమెను స్టేషన్ దాకా నడిపించాడు. ఆమె అతని కుంటికాలికి సరిపడేలా మెల్లగా నడిచింది. బయల్దేరేటప్పుడే కుర్చీల కింద దొరికిన చిన్న మొక్కల్లో ఒకటి అడిగి తీసుకుంది. బాగున్నవాటిని వదిలి, ఒక్క ఆకు మిగిలినదాన్నే ఎంచుకుంది.

ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల. బండి ఆలస్యం. ఇద్దరూ కూర్చున్నారు.

"ఉండరాదూ, వసంతా?"

"గిప్పుడడుగుతున్నవా?"

"గప్పుడు తెల్వలే."

ఆమె ఒళ్లోని మొక్కను చూసుకుంటూ ఉంది. "నేను గిట్ల మిల్లుకు పోతుంట, వస్తుంట. నలుగురితోని నవ్వుత. ఒకదినం ఆలస్యమైతది. ఎటు పోయినవని అడగకుండ ఉంటవా?"

అడగనని చెబితే సరిపోయేది. ఆమె కూడా అదే వినడానికి అతని ముఖంలోకి చూసింది. ఎల్లేశ్ నోరు తెరిచాడు. పొద్దున్నుంచీ తన నాలుక చివర తిరుగుతున్న ప్రశ్న గుర్తొచ్చింది. పోయిన ఆదివారం తను చేస్తే ఫోనెందుకు ఎత్తలేదు, ఎటు పోయినవు అని. అబద్ధం చెప్పలేకపోయాడు. అంతలో బండి వచ్చింది.

"మల్ల పూస్తే చెప్పు," అంది వసంత కిటికీలోంచి. బండి కదిలింది.

తిరిగొచ్చేసరికి హాలు చీకటిగా ఉంది. స్టీలు డబ్బా గడప మీదే మరిచిపోయింది. దాన్ని కడిగి బోర్లించాడు. ఆ డబ్బా కోసమైనా వస్తుందని ఒకసారి అనుకున్నాడు. డబ్బా కోసం ఎవరూ రారని ఇంకోసారి అనుకున్నాడు.

మాఘమాసం పెళ్లిళ్లు ముంచుకొచ్చాయి. హాలు రోజూ నిండేది, ఖాళీ అయ్యేది. లొట్టి మళ్లీ తన చోట వేలాడింది. కాడ కొసన ఎండిన ముక్కను కత్తిరించబోయి, కత్తి పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకున్నాడు. నీళ్లు పోయడం తప్ప దాన్ని ముట్టుకోవడం మానేశాడు. అదే కష్టమైంది. వంగితే సరిచేయాలనిపించేది, గోడ వైపు తిరిగితే తిప్పాలనిపించేది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

ఒకరోజు కింది కణుపు పగిలి, పక్కకొక చిన్న కొమ్మ వచ్చింది. అది సూటిగా లేదు, తనకు తోచినట్టు వంకరగా, ట్యాంకు సందులోంచి వెలుతురు వచ్చే వైపు పోయింది. దానికి రెండే మొగ్గలు. ఈసారి అతను ఎవరికీ ఫోన్ చేయలేదు. సాగర్‌కు కూడా చెప్పలేదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున పెళ్లి చెత్తలో వెతుక్కుని, చేతిలో ఏమీ లేకుండానే వస్తూ చూశాడు. ఒకటి విచ్చుకుంది. తెల్లగా, అరచేతిలో సగం. కాటారం పువ్వులా లేనే లేదు. వాసన కూడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు చూశాడు. అయినా అక్కడే, తడి నేల మీదే కూర్చున్నాడు.

వసంత మూడోసారికి ఫోన్ ఎత్తింది. మిల్లు మోతలో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"పూసింది."

"ఆ?"

"పూసిందీ! ఒకటి. ఇంకోటి ఉన్నది."

మోత కొంచెం తగ్గింది, ఆమె బయటికి నడిచినట్టుంది. "కోతులొస్తయేమో. కట్టినవా?"

"కట్టలే."

అవతల ఊపిరి. అతను వింటూ ఉన్నాడు.

"మిల్లుల లోడు మీద లోడు దిగుతున్నది," అంది చివరికి. "గీ పత్తి ఒడిసేదాక సెలవియ్యరు. గప్పటిదాక ఉంటదా పువ్వు?"

ఉంటుందో లేదో అతనికి తెలియదు. పత్తి ఎప్పుడు అయిపోతుంది, ఏ వారం, ఏ బండికి వస్తావు. మాటలన్నీ వరసగా గొంతులోకి వచ్చాయి.

"నీకెప్పుడు వీలైతె గప్పుడు రా," అన్నాడు. కాసేపాగి, "రాకున్న సరే. పువ్వు సంగతి చెబుదామనీ చేసిన" అన్నాడు.

"సరే," అంది వసంత. వెంటనే పెట్టేయలేదు. ఎవరో పిలిస్తే, "వస్తున్న, వస్తున్న" అని వాళ్లతో అంటూ పెట్టేసింది.

ఎల్లేశ్ హాల్లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని లొట్టి ఎదురుగా వేసుకున్నాడు. మేకుకున్న పీచు ఉండ తీసి, చాందీకి బోళ్లు తోముకోవడానికి ఇచ్చాడు. కర్ర ఒకటి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద కోతులు వరసగా కూర్చుని అతన్ని చూస్తున్నాయి.

"ఏందన్నా, పువ్వుకు కాపలానా?" బూడిద చేతులతో చాందీ అడిగింది. "పుల్లకు కట్టేస్తే అయిపోతుండె గదా."

"అయిపోతుండె."

"ఎన్ని దినాలు కూసుంటవ్ గట్ల?"

కేసముద్రం దిక్కు నుంచి బండి కూత వినిపించింది. హాలు వెనక పట్టాలు అదిరాయి, రేకులు గలగలలాడాయి, కాడ కొంచెం ఊగి మళ్లీ నిలబడింది. బండి స్టేషన్ వైపు వెళ్లిపోయింది. అతని తల గేటు వైపు తిరగబోయి ఆగింది. గోడ మీది గున్న కోతి కదిలింది. కర్ర నేలకు తాటించి, "పో, పో" అన్నాడు, పెద్దగా కోపమేమీ లేకుండా.